పడని గోలీలు

మా ఆయన ముప్ఫై ఒకటో ఏట జిగట విరేచనాలు పట్టి చనిపోయాడు. మందు లేని రోగమైతే ఏడ్చి ఊరుకునేదాన్ని. మందుంది. నల్లగొండలో ఏ మందుల దుకాణానికి పోయినా పొట్లం కట్టి చేతిలో పెడతారు. పసుపుపచ్చ గోలీలు మూడు పూటలా వారం రోజులు, ఆ తర్వాత తెల్ల గోలీలు పది రోజులు. వైద్యమంతా ఇంతే. ఈ ఇంత చిన్న వైద్యం మా ఇంట్లో ఎందుకు సాగలేదో చెప్పాలంటే ముందు నా తెలివి గురించి చెప్పుకోవాలి. దానికే ఇన్నేళ్లు వెనకాడాను.

మాది నార్కట్‌పల్లి దగ్గర నేతపని వాళ్ల ఊరు. నన్ను కల్వకుర్తి అవతలి నుంచి ఈ ఇంటికి ఇచ్చారు. ఇంట్లో ఉండేది ముగ్గురమే, మా ఆయన, మా అత్త, నేను. తర్వాత బిడ్డ పుట్టి నలుగురమయ్యాం. మా ఆయన గుంటమగ్గం నేసేవాడు. అత్త రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది. నేను ఆసు పోసేదాన్ని. ఆసు అంటే రంగు కట్టే ముందు నూలును మేకుల మీద అటూ ఇటూ తిప్పి పరిచే పని. ఒక్క చీరకు చెయ్యి వేలసార్లు తిరగాలి, పొద్దుగూకేసరికి భుజం పడిపోయేది. నేను పదో తరగతి దాకా చదివి ఇంగ్లీషులో తప్పాను. అయినా ఆ ఇంటికి నేనే చదువుకున్న కోడలిని. బస్సు బోర్డు చదివేది నేను, సంఘం ఆఫీసులో కాగితాలు నింపేది నేను, ప్యాంటు వేసుకున్న మనిషి ఎవరొచ్చినా మాట్లాడేది నేను. ఆ గొప్ప నాకు బాగానే ఉండేది, అబద్ధమెందుకు చెప్పాలి.

మా ఊరి బోరింగు నీళ్లు తాగితే ఎముకలు వంకరపోతాయని ఎనభైల నాటికే అందరికీ తెలుసు. మా వాడలోనే నలభై ఏళ్లకే నడుం వంగి కర్ర పట్టుకుని నడిచే మనుషులుండేవాళ్లు. అందుకని బోరింగు మానేసి ఊరి బయట చెలకలో ఉన్న బావి నీళ్లు తెచ్చుకునేవాళ్లం. తియ్యటి నీళ్లు. పప్పు తొందరగా ఉడికేది. వానాకాలం ఊళ్లోని మురుగంతా, పొదల చాటున మేం చేసిన పాపమంతా కొట్టుకొచ్చి ఆ బావిలోనే పడేది. ఆఫీసర్లు జీపులో వచ్చి బోరింగు నీళ్లు సీసాల్లో పట్టుకుపోయేవాళ్లు. బావి నీళ్లు ఎవరూ పట్టుకుపోలేదు. ఎముకల సంగతి చూసే సర్కారుకు పేగుల సంగతి గుర్తు రాలేదు, మేమూ గుర్తు చెయ్యలేదు. తియ్యగా ఉన్నాయని తాగాం.

గుంటమగ్గం మీద కూర్చునేవాడికి జిగట రావడమంటే పగవాడికి కూడా వద్దు. కాళ్లు గుంటలో ఉంటాయి, ఒళ్లో చీర ఉంటుంది. కడుపులో మెలిపెట్టినప్పుడల్లా రెండు చేతులూ నేలకానించి పైకి లేవాలి, చెంబు పట్టుకుని తుమ్మచెట్ల దిక్కు పరుగెత్తాలి. రోజుకు పదిసార్లు, పన్నెండుసార్లు. తిరిగొచ్చేసరికి పడుగు మీద గంజి ఎండి పోగులు తెగిపోయి ఉండేవి. వాటిని అతుక్కుంటూ కూర్చునేవాడు. "మగ్గం ఒక పెండ్లాం, గీ చెంబు ఒక పెండ్లాం, నువ్వు మూడోదానివి. నీ వంతు ఎప్పుడొస్తదో ఏమో" అని నన్ను ఆటపట్టించేవాడు. నవ్వేదాన్ని. బంక, మధ్యమధ్య నెత్తురు. పది రోజులుండి దానంతటదే తగ్గేది, నెల తిరిగేసరికి మళ్లీ పట్టుకునేది. పెళ్లినాటి అంగీ ఆయన ఒంటి మీద వేలాడేది.

మా అత్త దానిమ్మ తొక్క కాచి పోసింది. వేయించిన జీలకర్ర మజ్జిగలో వేసి ఇచ్చింది. నొప్పి తగ్గేది, రోగం తగ్గేది కాదు. అప్పుడు కాంపౌండర్ సాబ్‌ను పిలిపించాం. ఆయన పక్క ఊరి ముస్లిం పెద్దమనిషి. సర్కారు దవాఖానలో కాంపౌండర్‌గా చేసి దిగిపోయాక తోలుసంచి సైకిలుకు తగిలించుకుని చుట్టుపక్కల ఊళ్లు తిరిగేవాడు. అందరూ డాక్టర్ సాబ్ అంటే ఒప్పుకునేవాడు కాదు. ఇప్పుడు నేను ఎవరి మీద ఎంత మండిపడ్డా ఆయన మీద మాత్రం నోరు రాదు. అడగవలసినవన్నీ ఓపికగా అడిగాడు, ఒక్కటి తప్ప.

"గిది అమీబా బేటీ. కండ్లకు కనబడని పురుగు, పేగుల్ల ఇల్లు కట్టుకుంటది. దీనికి సూదితోని పని లేదు" అన్నాడు. సూది లేదనగానే మా అత్త మొహం చిన్నబోయింది. సూది వెయ్యని వైద్యుడు మా ఊళ్లో సగం వైద్యుడే. ఆయన పట్టించుకోకుండా రెండు పొట్లాలు తీశాడు. "గీ పసుపు గోలీ పేగు గోడల దాసుకున్న పురుగును సంపుతది. గానీ గుడ్ల లెక్క ఏదో మిగుల్తది, దానికి గీ తెల్ల గోలీ. రెండూ పూర్తిగ మింగితెనే యేరు తెగుతది. నెత్తురు బందయిందని నడుమల ఇడిసిపెట్టకు. కారం, పులుపు జర తగ్గించు. సారా గీరా బంద్."

మా ఆయన పకపకా నవ్వాడు. "సారా నేనెన్నడు తాగిన సాబ్?"

నిజమే. మా మామను మింగింది సారాయే. ఆ ఇంట్లో సారా పేరెత్తితే అత్త మెటికలు విరిచి శాపం పెట్టేది. మా ఆయన దాన్ని వేలితో కూడా ముట్టలేదు. కాకపోతే కల్లు తాగేవాడు. కల్లును మా దిక్కు తాగుడు కింద ఎవరూ లెక్కెయ్యరు. ఎండాకాలం చలువకు కల్లు, బాలింతకు పాలు పడాలంటే కల్లు, చుట్టం వస్తే కల్లు. నా బిడ్డకు ఏడాది నిండకముందే మా అత్త వేలు ముంచి నాకించింది. నేను నవ్వుతూ చూశాను, మా అమ్మ నాకూ అట్లాగే నాకించి ఉంటుంది. పొద్దుగూకితే మగ్గం దిగిన మగవాళ్లంతా ఊరి బయట కల్లు దించి పోసే మండువకు పోయి కూర్చునేవాళ్లు. పెళ్లి సంబంధాలూ, తగవులూ అక్కడే తేలేవి. అక్కడికి పోయొచ్చినవాణ్ని ఎవరూ తాగొచ్చాడనేవాళ్లు కాదు.

గోలీలు మొదలుపెట్టిన రోజు మధ్యాహ్నానికే నోరంతా పాడైందన్నాడు. "ఇనుప మేకు నాకినట్టున్నది" అని నాలుక బయటపెట్టి చూపించాడు. అత్త ఆయన నుదురు పట్టి చూసింది. "గోలీలు శానా వేడి. పేగులు కాలిపోతయ్. ఓ పిల్లా, జర పోయి ఈత కల్లు పట్టుకరా, చలువ జేస్తది" అంది. నేనే సీసా పట్టుకుని పోయాను. మండువలో ఆడవాళ్లు నిలబడటం నాకు నచ్చదు, అయినా మొగుడి ఆరోగ్యం కదా అని నిలబడ్డాను. తాజా కల్లు అడిగి మరీ పోయించుకొచ్చాను.

సీసాలో సగం తాగాడో లేదో మొహం కందిపోయింది. తల పగిలిపోతోందన్నాడు. నా చెయ్యి లాక్కుని రొమ్ము మీద పెట్టుకున్నాడు. గుండె దబదబ కొట్టుకుంటోంది. తర్వాత వాంతులు, కడుపులో ఏమీ మిగలనంత దాకా. మర్నాడు పొద్దున గోలీ వేసుకున్నాడు, సాయంత్రం వేడి తగ్గడానికి మళ్లీ కల్లు తెచ్చాను, మళ్లీ అదే అవస్థ. మూడోనాడు పొట్లం తీసి అవతలికి విసిరేశాడు. రెండు రోజులాగి, నీరసం పోవడానికని కల్లు తాగితే ఏమీ కాలేదు.

"సూసినవా? గోలీలు ఇడిసినంక కల్లు తాగినా ఏం కాలే. దోషం గోలీలదే" అన్నాడు. నేనూ తలూపాను. లెక్క సరిగ్గానే ఉందనిపించింది. పది దాకా చదివిన బుర్ర మరి.

కాంపౌండర్ సాబ్ దగ్గరికి నేనే పోయి పూసగుచ్చినట్టు చెప్పాను. మొహం కందడం, గుండె దడ, వాంతులు అన్నీ చెప్పాను, కల్లు సంగతి తప్ప. దాచాలని కాదు. అన్నం తిన్నాడని, నీళ్లు తాగాడని చెప్తామా? ఆయన గడ్డం నిమురుకున్నాడు. "కొందరి ఒంటికి పడదు బేటీ, ఏం జేస్తం" అన్నాడు. ఒక చీటీ మీద గోలీ పేరు ఇంగ్లీషులో రాసి, కింద తెలుగులో 'ఈ మందు పడదు' అని రాసి ఇచ్చాడు. ఏ డాక్టరు దగ్గరికి పోయినా ముందు ఈ చీటీ చూపించమన్నాడు. దాన్ని బిడ్డ పుట్టిన చీటీతో పాటు పెట్టె అడుగున దాచిపెట్టాను.

ఏడాది పైన అట్లాగే గడిచింది. తాగే మందులు, పొడులు, ఎవరో చెప్పిన ఆకు పసర్లు. మనిషి కట్టెపుల్లయ్యాడు. ఆఖరికి నల్లగొండలో ఒక డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. కోస్తా నుంచి కొత్తగా వచ్చినాయన, మర్యాదగా మాట్లాడతాడని పేరు. పరీక్ష చేయించి అమీబాయేనన్నాడు.

"మద్యం అలవాటుందామ్మా?" అని అడిగాడు.

"లేద్సార్. సారా మా ఇంటి గడప తొక్కలే" అన్నాను, కాస్త గర్వంగానే. అడగకముందే చీటీ తీసి బల్ల మీద పెట్టాను. ఆయన చదివి నావంక మెచ్చుకోలుగా చూశాడు. "చాలా మంచి పని చేశారు. ఇంటికొక చదువుకున్న మనిషుంటే మాకు సగం పని తగ్గుతుంది" అన్నాడు. ఆ మాటకు నేను పొంగిపోయాను. తిరుగు బస్సులో పక్కన కూర్చున్న ఆవిడకు కూడా చెప్పాను. ఇప్పుడు తలుచుకుంటే నా మొహం మీద నేనే ఉమ్ముకోవాలనిపిస్తుంది.

డాక్టరు ఆ పసుపు గోలీనీ, ఆ జాతి మందులన్నిటినీ కొట్టేశాడు. ఇంకో దారి చెప్పాడు. పాతకాలపు సూది ఒకటుందట, పురుగును చంపుతుంది గానీ గుండె మీద పడుతుంది. దవాఖానలో పది రోజులు మంచం దిగకుండా పడుకోబెట్టి, గుండె చూసుకుంటూ వెయ్యాలి. మా ఆయన ఒప్పుకోలేదు. "పడుగు మగ్గం మీదున్నది సార్. పెండ్లిల్ల చీరలు. పదొద్దులు పండుకుంటె ఎట్లయితది?" అన్నాడు. డాక్టరు బతిమాలాడు. చివరికి తెల్ల గోలీలు మాత్రం రాసిచ్చాడు. "ఇవి పేగులో ఉన్నదాని మీదే పనిచేస్తాయి. పురుగు గోడ దాటి లోపలికి పోతే వీటి చేతిలో లేదు. జ్వరం వచ్చినా, కుడి డొక్కలో నొప్పి వచ్చినా వెంటనే తీసుకురండి" అని నాకు రెండుసార్లు చెప్పాడు.

తెల్ల గోలీలు ఒక్కటి తప్పకుండా మింగాడు. వాటి మీద కల్లు తాగినా ఏమీ కాలేదు. "గిది పడ్డది సూడు" అని అత్త సంబరపడింది. నెత్తురు తగ్గింది. మా ఆయన పడుగంతా నేసి దించాడు. ఆ నెల మా ఇంట్లో నవ్వులు వినబడ్డాయి.

నెలన్నర పోయాక సాయంత్రాలు ఒళ్లు వెచ్చబడటం మొదలైంది. వానాకాలం జ్వరం అనుకున్నాం. తర్వాత కుడి భుజం నొప్పి అన్నాడు. పొద్దంతా పోగుల మధ్య నాడె అటూ ఇటూ విసిరేవాడికి భుజం నొప్పి కొత్తా? మా వాడలో నొయ్యని భుజముందా? ఆసు పోసి పోసి నా భుజం కూడా నొస్తూనే ఉండేది. అత్త ఆముదం వెచ్చజేసి ముందు కొడుకు భుజానికి, తర్వాత నా భుజానికి రుద్దేది. నాకు తగ్గేది, ఆయనకు తగ్గేది కాదు. కడుపులో గడ్డ ఉంటే నొప్పి భుజంలోకి పాకుతుందని మాకెవరు చెప్పారు? డాక్టరు డొక్క అన్నాడు, భుజం అనలేదు. డొక్కలో నొప్పి కూడా ఉండే ఉంటుంది. చీర సగంలో ఉంది కాబట్టి ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఇట్లా మూడు వారాలు ఆముదం రుద్దుకుంటూ కూర్చున్నాం.

ఊపిరాడక మగ్గం మీదే వాలిపోయిన రోజు జీపు మాట్లాడి పట్నంలో పెద్ద దవాఖానకు తీసుకుపోయాం. కాలేయంలో గడ్డ అన్నారు. లావుపాటి సూది డొక్కలో గుచ్చి లాగితే చిక్కటి చింతపులుసు రంగు చీము వచ్చింది. పెద్ద డాక్టరమ్మ ఒకామె, జుట్టు నెరిసిన మనిషి, వచ్చి నా చీటీ చదివింది. అందరి లాగా తలూపి పక్కన పెట్టలేదు.

"పడలేదంటే ఏమైంది? మొదట్నుంచి చెప్పు" అంది. చెప్పాను. "ఆ పూట ఏమేం తిన్నాడు, ఏమేం తాగాడు?"

"జొన్న రొట్టె, పచ్చిపులుసు, గంతే అమ్మా. వేడి చేసిందని ఇంత కల్లు తాపినం."

ఆమె రాస్తున్న కలం ఆపి నావంక చూసింది. కోపం లేదు ఆ చూపులో. కోపముంటే తట్టుకునేదాన్ని. "ఆ గోలీ వేసుకొని కల్లు తాగితే ఎవరికైనా అంతేనమ్మా. మందు పడకపోవడం కాదది. వారం రోజులు కల్లు మానేస్తే సరిపోయేది" అంది. వెంటనే అదే మందును సీసాలో తెప్పించి నరంలోకి ఎక్కించమంది.

అప్పటికే గడ్డ రొమ్ములోకి పగిలింది. మా ఆయనకు తెలివి వస్తూ పోతూ ఉంది. ఒకసారి కళ్లు తెరిచి "పడుగు మీద తడిగుడ్డ కప్పినవా?" అని అడిగాడు. కప్పాను అన్నాను. కప్పలేదు. మా అత్త గుమ్మంలో నుంచి సీసా చూసి, "గదేం మందు?" అంది. "గా మందే అత్తా" అన్నాను. ఆమె దవాఖాన అదిరిపోయేట్టు అరిచింది. "పడదని రాసిచ్చినా ఎక్కిస్తరా? నా కొడుకును సంపుతరా?" నర్సులు ఆమెను బయటికి పంపారు. ఆయన కోలుకున్నాక నిదానంగా చెబుదాం లెమ్మనుకున్నాను. మూడోనాడు మధ్యాహ్నం చనిపోయాడు.

పడని మందు ఎక్కించి చంపారని మా అత్త ఊరంతటికీ చెప్పింది. ఊరు నమ్మింది. చీటీ ఉంది, కళ్లతో చూసిన తల్లి ఉంది, ఇంకేం కావాలి? కాంపౌండర్ సాబ్ పలకరించడానికి వచ్చి వాకిట్లో నిలబడి, "నా చీటీ సూసినంక గూడ ఎక్కించిండ్రా బేటీ?" అని కళ్లు తుడుచుకున్నాడు. నేను తలొంచుకున్నాను. చెబితే ఏమని చెప్పాలి? సీసా పట్టుకుని మండువకు పోయింది నేను. సారా ముట్టడని గొప్పలు చెప్పింది నేను. చీటీ చూపించి మెప్పు పొందింది నేను. ముప్ఫై కూడా నిండకుండా బొట్టు చెరిపించుకుని, రెండేళ్ల బిడ్డను ఒళ్లో పెట్టుకుని, మొగుణ్ని చంపుకున్న తెలివితక్కువది అనిపించుకునే ధైర్యం నాకు లేకపోయింది. జాలి దొరుకుతుంటే తిట్లు ఎవరు కోరుకుంటారు?

ఆ మౌనం నాతోనే ఆగిపోయి ఉంటే బాగుండేది. మా ఊళ్లో ఎవరికి నెత్తురు బంక పట్టినా, "గా మగ్గమాయన పానం దీసిన గోలీలా? నాకొద్దు" అనేవాళ్లు. విసిగి విసిగి కాంపౌండర్ సాబ్ ఆ గోలీలు ఇవ్వడమే మానేశాడు. ఎంతమంది ఎన్నాళ్లు మెలికలు తిరిగారో నాకు తెలుసు, ఒక వాడ వాళ్లమే కదా. సాబ్ చనిపోయినప్పుడు కూడా తను రాసిన చీటీ సరైనదేననుకుంటూ పోయాడు. మా అత్త పొద్దున్నే రాట్నం ముందు కూర్చుని, మొదటి కండె చుట్టేటప్పుడు ఆ డాక్టరమ్మను తిట్టేది. "నీ చేతులు పడిపోను, నీ కడుపు కాలిపోను." అన్యాయంగా తిట్లు తింటున్న ఆ నెరిసిన జుట్టు డాక్టరమ్మ ఎక్కడో పట్నంలో రోగులను చూసుకుంటూ ఉండేది. నేను ఆసు పోసుకుంటూ వినేదాన్ని. తొంభైలు వచ్చాయి, బోరింగు పక్కన నల్లా వచ్చింది, తిట్లు ఆగలేదు.

నా బిడ్డకు ఎనిమిదేళ్లు నిండాక దానికీ నెత్తురు బంక పట్టింది.

సర్కారు దవాఖానలో కొత్తగా వచ్చిన డాక్టరు రెండు మందులూ రాశాడు, అరగోలీ చొప్పున పసుపువి, తర్వాత తెల్లవి. తెచ్చి గూట్లో పెట్టాను. అత్త ఆ రంగు చూసింది. పొట్లం లాక్కుని పొయ్యి పక్కన బూడిద కుప్పలోకి విసిరికొట్టింది. మనవరాలిని ఒళ్లోకి లాక్కుని గోడకానుకుని కూర్చుంది. "నా కొడుకును తిన్నది సాలదా? ముందు నన్ను సంపి, గప్పుడు దీనికి మింగియ్యి" అంది. పిల్ల ముడుచుకుని పడుకుంది. దాని కళ్ల కింద నలుపు చూస్తే వాళ్ల నాయన మొహమే కనబడింది.

దొంగతనంగా బెల్లంలో పెట్టి మింగిద్దామని ఆలోచించాను. దాచడం నాకు చేతనైన పనే కదా. కానీ అత్త అప్పటికే పిల్లకు చలువ చేస్తుందని పొద్దున పూట గుక్కెడు కల్లు తాపుతోంది. లోపల గోలీ, పైన కల్లు, పిల్లకు వాంతులు. మళ్లీ 'పడదు' అనే మాట. నిజం చెప్పకుండా నా బిడ్డకు ఆ మందు ఇచ్చే దారి లేదు. రెండు రోజులు ఆగాను. ఆ రెండు రోజులు ఎందుకు ఆగానో నన్ను అడగకండి.

మూడో రోజు పొద్దున అత్త రాట్నం దగ్గర కూర్చుని తిట్లు మొదలుపెట్టింది. నేను ఎదురుగా పోయి కూర్చుని, "గా డాక్టరమ్మను తిట్టకు అత్తా" అన్నాను. అన్నీ చెప్పాను. పసుపు గోలీ మీద కల్లు తాగితే ఎవరికైనా వాంతులే అని, గోలీల తప్పు లేదని, పెద్ద దవాఖానలో ఆ సంగతి నాకు తెలిసిందని, అప్పటికే గడ్డ పగిలిందని, డాక్టరమ్మ బతికించడానికే చూసిందని. "కల్లు తెచ్చింది నేను. నల్లగొండల సారా ముట్టడని చెప్పింది నేను" అన్నాను. తెమ్మన్నది ఎవరో మాత్రం చెప్పలేదు.

రాట్నం ఆగిపోయింది. ఆమె చేతిలో పోగు తెగి వేలాడుతోంది. "గప్పుడే ఎందుకు చెప్పలే?" అంది.

"భయమైంది అత్తా."

"తెమ్మన్నది నేనే గదా." ఆమె తెగిన పోగు కొసలు వెతుక్కుంటూ నావంక చూడకుండానే మాట్లాడింది. "ఆరేండ్ల సంది గామెను తిట్టుకుంట బతికిన. తెల్లారి లేస్తె తిట్టేటందుకు ఒక మనిషుండె. ఇప్పుడు ఎవర్ని తిట్టాలె? నిన్ను తిట్టాల్నా? నన్ను తిట్టుకోవాల్నా?"

ఆమె లేచి పొయ్యి దగ్గరికి పోయి, బూడిద తవ్వి పొట్లం తీసి, చీర కొంగుతో తుడిచింది. "సగమేనా?" అని అడిగి, సగం విరిచి, పిల్లను లేపి మింగించింది. ఆ పదిహేడు రోజులూ మూడు పూటలా ఆమే ఇచ్చింది. ప్రతిసారీ పొట్లం నా ముందు పెట్టి చదవమనేది, నేను చదివేదాన్ని. కల్లు మా ఇంటికి రాలేదు. బిడ్డకు నయమైంది, ఇప్పుడు దానికీ పిల్లలున్నారు.

అత్త ఆ తర్వాత ఇంకో నాలుగేళ్లు బతికింది. పొద్దున్నే రాట్నం ముందు కూర్చునేది, కండెలు చుట్టేది, నోరు విప్పేది కాదు. డాక్టరమ్మను తిట్టలేదు. ఒక్కరోజైనా నన్ను తిడుతుందని ఎదురుచూశాను. తిడితే ఏడ్చేదాన్ని, కాళ్లు పట్టుకునేదాన్ని, కాస్త తేలికపడేదాన్ని. ఆమె తిట్టలేదు.